బైపాస్ ఆయిల్ ఫిల్టర్ ముందా, ప్రెజర్ అలారం ముందా?

#1 పాతడీజిల్

అందరికీ నమస్కారం. నాది నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్. 2,40,000 కిలోమీటర్లు తిరిగింది. ఇప్పటిదాకా హెడ్ విప్పలేదు, ఆయిల్ తాగదు, పొగ లేదు. ఇంకా అంత దూరం తిప్పాలని నా కోరిక. అందుకని రెండు పనులు అనుకుంటున్నాను. ఇప్పుడున్న ఫిల్టర్‌ని అలాగే ఉంచి, పక్కన ఒక బైపాస్ ఫిల్టర్, అంటే కొద్ది ఆయిల్‌నే తీసుకుని ఇంకా సన్నగా వడగట్టేది, పెట్టడం ఒకటి. ఆయిల్ ప్రెజర్ తగ్గితే బజర్ మోగేలా చేయడం రెండోది. డ్యాష్‌బోర్డులో నూనె కూజా బొమ్మ ఎర్ర లైటు తప్ప గేజ్ ఏదీ లేదు.

ఇంజన్ బ్లాకు పక్కన ప్రెజర్ స్విచ్ ఉన్న రంధ్రం ఒకటే కనిపిస్తోంది. అక్కడ టీ జాయింట్ పెట్టి ఒక కొమ్మ నుంచి బైపాస్ ఫిల్టర్‌కి ఆయిల్ తీసుకుని, ఇంకో కొమ్మకి కొత్త సెన్సర్ బిగించవచ్చా? ఫిల్టర్ ఇప్పటికే తెచ్చాను, ఈ ఆదివారం పెట్టేద్దామని ఉంది. అలారం తర్వాత చూసుకుందామా?

#2 షెడ్డుబాబాయ్

ఆదివారం ఫిల్టర్ పెట్టకండి. ముందు అలారం పెట్టండి.

ఎందుకో చెప్తాను. ఫిల్టర్ పెట్టడమంటే ఆయిల్ దారిలో కొత్త హోసులు, కొత్త జాయింట్లు, కొత్త సీళ్లు చేర్చడం. ఒక్కో జాయింటూ లీకయ్యే చోటే. ఇన్నేళ్లు ఏ ఇబ్బందీ పెట్టని దారిని మనం కదిలిస్తున్నాం. తప్పు జరిగితే మనకు చెప్పడానికి ఒక కాపలా ఉండాలి కదా. ఇప్పుడున్న ఎర్ర లైటు ఆ కాపలా కాదు. చాలా ఇంజన్లలో కంపెనీ స్విచ్ 0.3 నుంచి 0.5 బార్ దగ్గర మాత్రమే లైటు వెలిగిస్తుంది. ఐడిల్‌లో ఉన్నప్పుడు అది సరిపోవచ్చు. 3,000 ఆర్పీఎంలో పోతున్నప్పుడు ప్రెజర్ 0.5కి పడి లైటు వెలిగిందంటే, బేరింగుల పని అప్పటికే అయిపోయి ఉంటుంది.

నా చేతులతో చేసిన తప్పు ఒకటి రాస్తాను. చాలా ఏళ్ల కిందట ఒక ఇంజన్‌కి ఫిల్టర్‌ని పక్కకి మార్చే కిట్ బిగించాను. ఫిల్టర్ ఉండే చోట ఒక ప్లేటు, దాన్నుంచి రెండు హోసులు, అవతల బాడీకి ఫిల్టర్ హెడ్. పాత ప్రెజర్ స్విచ్‌కి హోసు అడ్డం వస్తోందని దాన్ని తీసి, ప్లేటు మీద ఉన్న ఖాళీ రంధ్రంలో పెట్టాను. ఇంజన్ స్టార్ట్ చేస్తే లైటు వెంటనే ఆరిపోయింది. సంతోషించాను. రెండు నిమిషాల తర్వాత పైనుంచి టకటకమని చప్పుడు. కట్టేసి, వాల్వ్ కవర్ తీసి చూస్తే క్యామ్‌షాఫ్ట్ పొడిగా ఉంది. వేలు పెట్టి రాస్తే నూనె అంటలేదు. జర్నల్స్ మీద, అంటే షాఫ్ట్ బేరింగుల్లో తిరిగే చోట్ల, గీతలు పడ్డాయి.

రెండు హోసులూ తారుమారుగా బిగించాను. ఆయిల్ ఫిల్టర్‌లోకి చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల గుండా వెళ్లి, మధ్య రంధ్రం నుంచి బయటికి రావాలి. తిరగేస్తే లోపలున్న రబ్బరు పొర, అంటే ఇంజన్ ఆపినప్పుడు ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే వాల్వు, మూసుకుపోతుంది. ఫిల్టర్‌లోని రిలీఫ్ వాల్వు కూడా ఒక దిక్కుకే తెరుచుకుంటుంది, కాబట్టి అదీ కాపాడదు. ఇంజన్‌కి చుక్క ఆయిల్ పోలేదు. మరి లైటు ఎందుకు ఆరింది? నేను స్విచ్ మార్చిన చోటు పంపు వైపు, ఫిల్టర్‌కి ముందు. అక్కడ ప్రెజర్ బ్రహ్మాండంగా ఉంది. పోవడానికి దారి లేక నిలిచిన ప్రెజర్ అది.

అందుకే ఒకటే మాట: మీరు ఏది చేర్చినా, సెన్సర్ దాని తర్వాత ఉండాలి. బేరింగులు తాగే చోట కొలవాలి.

#3 పాతడీజిల్

బాబాయ్, చదువుతుంటేనే టెన్షన్ వచ్చింది. అలారమే ముందు. మరి టీ సంగతి?

#4 గేజ్‌పిచ్చి

టీ పెట్టవచ్చు కానీ ఒకే టీ నుంచి ఆయిల్ ప్రవాహం, కొలత రెండూ వద్దు. ఆ రంధ్రం సన్నది. దాని గుండా ఆయిల్ బైపాస్ ఫిల్టర్‌కి పారుతుంటే, ఆ సన్నటి దారిలోనే కొంత ప్రెజర్ ఖర్చవుతుంది. సెన్సర్ అసలు గ్యాలరీ (ఇంజన్ లోపల బేరింగులకి ఆయిల్ పోయే ప్రధాన దారి) ప్రెజర్ కంటే తక్కువ చూపిస్తుంది. కొలిచే చోట ఆయిల్ పారకుండా నిలిచి ఉండాలి. బైపాస్‌కి వేరే చోటు వెతకండి, ఫిల్టర్ కింద పెట్టే సాండ్‌విచ్ ప్లేటు దానికి సరిపోతుంది. అక్కడ ఫిల్టర్‌కి ముందు వైపు నుంచి తీసుకున్నా తప్పులేదు, బైపాస్‌కి పోయే ఆయిల్ ఎలాగూ ఛాంబర్‌కే, అంటే ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టికే, తిరిగొస్తుంది.

ఇంకో విషయం. టీని బ్లాకుకి నేరుగా బిగించి, దాని చివర డబ్బాలాంటి బరువైన సెండర్ తగిలించకండి. ఇత్తడి టీ అయితే మరీను. డీజిల్ ఇంజన్ వణుకుడికి ఆ బరువు ఊగి ఊగి, బ్లాకు అంచు దగ్గర మర మొదట్లో ఇత్తడి పగులుతుంది. విరిగిందంటే ఆ రంధ్రం నుంచి మెయిన్ గ్యాలరీ ఆయిల్ అంతా రోడ్డు మీదే. బ్లాకుకి ఒక చిన్న స్టీల్ అడాప్టర్, అక్కడి నుంచి సన్నటి బ్రెయిడెడ్ హోసు, దాని అవతలి చివర బాడీకి బిగించిన టీ లేదా మేనిఫోల్డ్ (ఎక్కువ రంధ్రాలున్న దిమ్మ). స్విచ్, సెండర్ రెండూ దాని మీద. ఇలా చేస్తే వణుకు హోసులోనే అణిగిపోతుంది.

కంపెనీ స్విచ్‌ని పారేయకండి. అది కూడా అదే మేనిఫోల్డ్ మీద ఉండాలి.

#5 కొత్తస్పానర్

నడుమ దూరుతున్నందుకు క్షమించండి. స్విచ్, సెండర్ ఒకటే కాదా?

#6 గేజ్‌పిచ్చి

కాదు బ్రదర్. స్విచ్‌కి తెలిసింది అవును, కాదు అంతే. ఒక ప్రెజర్ దాటితే తెరుచుకుంటుంది, తగ్గితే మూసుకుని లైటు తీగని ఎర్త్‌కి కలుపుతుంది. ప్రెజర్ ఎంతుందో చెప్పేది సెండర్. పాత రకం సెండర్‌లో ప్రెజర్ మారితే రెసిస్టెన్స్ మారుతుంది. ఒక రకం సున్నా దగ్గర 10 ఓమ్స్, పూర్తి ప్రెజర్ దగ్గర 180 ఓమ్స్. ఇంకో రకం దీనికి తిరగేసి ఉంటుంది, సున్నా దగ్గర 240, పూర్తి దగ్గర 33. ఒక రకం గేజ్‌కి ఇంకో రకం సెండర్ తగిలిస్తే ముల్లు కదులుతుంది, అందుకే చాలామంది బాగానే ఉందనుకుంటారు. కానీ అది చూపించే అంకె అబద్ధం. కొత్త రకంలో మూడు తీగలుంటాయి. 5 వోల్టులు ఇస్తే సున్నా ప్రెజర్‌కి 0.5 వోల్టు, పూర్తి ప్రెజర్‌కి 4.5 వోల్టులు తిరిగిస్తుంది. నేనైతే ఇదే పెడతాను. తీగ తెగితే 0.5 కంటే కిందికి పోతుంది కాబట్టి, అది ప్రెజర్ తగ్గడం కాదు, వైర్ తెగడం అని అలారాన్ని నడిపే కంట్రోలర్‌కి తెలుస్తుంది.

#7 మైక్రాన్

నేను ఫిల్టర్ల వైపు నుంచి వస్తాను. వృత్తిరీత్యా రోజూ చూసేది ఇదే.

మామూలు ఫిల్టర్‌ని ఫుల్ ఫ్లో అంటారు. పంపు తోసే ఆయిల్ అంతా దాని గుండానే పోవాలి, కాబట్టి మరీ సన్నటి జల్లెడ పెడితే ఇంజన్‌కి ఆయిల్ అందదు. సాధారణంగా 20 నుంచి 40 మైక్రాన్ల పైన ఉన్న ధూళిని బాగా పడుతుంది. మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. కానీ బేరింగులో ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లే ఉండే క్షణాలుంటాయి. ఆ పొర మందానికి దగ్గరగా ఉండే రేణువులే ఎక్కువ అరగదీస్తాయి, అవి ఫుల్ ఫ్లో చేతికి చిక్కవు. బైపాస్ ఫిల్టర్ ఆయిల్‌లో కొద్ది భాగాన్నే తీసుకుని 2, 3 మైక్రాన్ల దాకా నెమ్మదిగా వడగట్టి ఛాంబర్‌లోకి వదులుతుంది.

నిజానికి ఈ ఆలోచనే ముందు పుట్టింది. 1923లో ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్ ప్యూరొలేటర్ తెచ్చేనాటికి కార్లలో ఆయిల్ ఫిల్టరే మామూలు విషయం కాదు. తొలి తరం ఫిల్టర్లు ఎక్కువగా బైపాస్ రకమే. ల్యాండ్ రోవర్ టీడీ5 ఇంజన్‌లో అయితే కంపెనీయే ఫుల్ ఫ్లో ఫిల్టర్‌తో పాటు గిర్రున తిరిగి మసిని గోడకి కొట్టే సెంట్రిఫ్యూజ్ కూడా పెట్టింది. కాబట్టి ఇది వింత పని కాదు.

1988లో జనరల్ మోటార్స్ వాళ్లు ప్రచురించిన పరీక్షను అందరూ చెప్తారు. 40 మైక్రాన్ల ఫిల్టర్‌తో పోలిస్తే 30 మైక్రాన్లతో అరుగుదల 50 శాతం, 15 మైక్రాన్లతో 70 శాతం తగ్గింది. అయితే అందులో త్వరగా ఫలితం రావడానికి ఆయిల్‌లో కావాలనే దుమ్ము కలిపారు. మన ఇంజన్‌లో అంత తేడా వస్తుందని ఆశపడకూడదు. దిక్కు మాత్రం నిజం.

డబ్బా మీద మైక్రాన్ అంకె ఒక్కటే చూసి కొనకండి. ఎంత శాతం పడుతుందో అడగండి. ఐఎస్ఓ 4548-12 పరీక్షలో బీటా నిష్పత్తి ఇస్తారు. ఒక సైజు దగ్గర బీటా 2 అంటే సగం రేణువులే ఆగాయి. బీటా 75 అంటే 98.7 శాతం ఆగాయి. రెండు డబ్బాల మీదా 5 మైక్రాన్లు అనే ఉండొచ్చు, తేడా మాత్రం భూమ్యాకాశాలంత.

#8 పాతడీజిల్

మైక్రాన్ గారూ, ఆయిల్ అంత సన్నగా పారితే వడగట్టడం ఎప్పటికి అవుతుంది? మళ్లీ అంత ఆయిల్ పక్కకి పోతే ఐడిల్‌లో ప్రెజర్ పడిపోదా? నా ఇంజన్ వేడెక్కాక ప్రెజర్ అసలే తక్కువగా ఉంటుందేమోనని అనుమానం.

#9 మైక్రాన్

దీనికి జవాబంతా ఒక చిన్న రంధ్రంలో ఉంది. బైపాస్ లైనులో రెస్ట్రిక్టర్ అనే జెట్ ఉంటుంది, సాధారణంగా 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు. లెక్క వేద్దాం. 1 మిల్లీమీటరు రంధ్రం, వేడి ఆయిల్, 4 బార్ ప్రెజర్ అయితే నిమిషానికి ఇంచుమించు ఒక లీటరు. ఐడిల్‌లో 1 బార్ ఉంటే అరలీటరు, ఎందుకంటే ప్రెజర్ నాలుగో వంతైతే ప్రవాహం సగమే తగ్గుతుంది. లోపలి ఫిల్టర్ అడ్డు కూడా కలిపితే ఇంకొంచెం తక్కువ.

మీ ఛాంబర్ 6.5 లీటర్లు అనుకుందాం. నిమిషానికి లీటరు చొప్పున ఆరున్నర నిమిషాల్లో ఒక ఛాంబరెడు ఆయిల్ ఫిల్టర్ గుండా పోతుంది. వడగట్టినదీ వడగట్టనిదీ కలిసిపోతూ ఉంటాయి కాబట్టి మొదటి విడతలో 63 శాతం ఆయిలే ఫిల్టర్‌ని చూస్తుంది. మూడు విడతలకి, అంటే ఇరవై నిమిషాలకి, 95 శాతం. ఆఫీసుకి పోయి వచ్చే ప్రయాణం చాలు.

ప్రమాదమంతా రంధ్రం పెద్దదైతేనే. వ్యాసం రెట్టింపైతే ప్రవాహం నాలుగు రెట్లు. 2 మిల్లీమీటర్ల జెట్ పెట్టినవాళ్లే వేడి ఐడిల్‌లో ప్రెజర్ పడిపోయిందని రాస్తుంటారు. జెట్ లేకుండా హోసు నేరుగా బిగిస్తే చెప్పనే అక్కర్లేదు. ఫిల్టర్ బిగించే ముందు జెట్ ఉందో లేదో విప్పి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని కళ్లతో చూడండి.

#10 షెడ్డుబాబాయ్

ఆ జెట్ ఎక్కడ పెట్టాలన్నది కూడా రాయాలి. కొన్ని కిట్లలో ఫిల్టర్ హెడ్‌లో ఉంటుంది. నేనైతే ఇంజన్ వైపు చివరే పెడతాను. హోసు తెగితే 1 మిల్లీమీటరు రంధ్రం నుంచే ఆయిల్ పోతుంది, బండి ఆపుకోవడానికి నిమిషాలు దొరుకుతాయి. జెట్ అవతలి చివర ఉంటే ఆరు మిల్లీమీటర్ల హోసు నోరు తెరిచినట్టే.

తిరిగొచ్చే లైను గురించి. అది ఛాంబర్‌లోకి ఏ అడ్డూ లేకుండా జారాలి. వాల్వ్ కవర్ మీద ఆయిల్ పోసే మూతకి నిపుల్ పెట్టి వదలడం అన్నిటికంటే తేలిక. టర్బో నుంచి కిందికి దిగే పైపుకి మాత్రం కలపకండి. ఆ పైపులో ఆయిల్ తన బరువుతో తాను దిగాలి. మన లైను దానికి అడ్డుపడితే టర్బోలో ఆయిల్ నిలిచి, సీళ్ల గుండా బయటికొచ్చి నీలం పొగ వస్తుంది. టర్బో పోయిందని కొత్తది కొన్నవాళ్లున్నారు.

#11 ఘాట్‌రోడ్డు

నా అనుభవం కూడా వినండి. నా బండికి గేజ్ లేదు, 1.4 బార్‌కి సెట్ చేసుకున్న స్విచ్, ఒక బజర్ మాత్రమే ఉన్నాయి. మలుపుల దారిలో దిగుతుంటే ఎడమవైపు పెద్ద మలుపులో బజర్ కీచుమని ఒక్క క్షణం అరిచి ఆగింది. తర్వాతి ఎడమ మలుపులో మళ్లీ అంతే. కుడి మలుపుల్లో లేదు. ఎర్ర లైటు ఒక్కసారి కూడా వెలగలేదు. ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ తీస్తే కింది గీత కంటే దిగువన తడి కనిపించింది. మలుపులో ఆయిల్ ఒక పక్కకి పోయినప్పుడు పంపు గొట్టం గాలి పీలుస్తోందన్నమాట. రెండు లీటర్లు పోశాక మళ్లీ మోగలేదు. వెతికితే డ్రెయిన్ బోల్టు వాషర్ లీకు.

కాబట్టి కాసేపు మోగి ఆగే అలారాన్ని వైరింగ్ తప్పని కొట్టిపారేయకండి. ఏ పరిస్థితిలో మోగిందో గుర్తుపెట్టుకోండి.

#12 కొత్తస్పానర్

అలారం మోగగానే ఇంజన్ దానంతటదే ఆగిపోయేలా పెడితే ఇంకా మంచిది కదా? జనరేటర్లకి ఉంటుంది.

#13 ఘాట్‌రోడ్డు

వద్దు తమ్ముడూ. జనరేటర్ ఒకచోట కూర్చుని ఉంటుంది. లారీని దాటుతుండగా ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. ఇంజన్ మళ్లీ కట్టించుకోవచ్చు. ఆపే నిర్ణయం డ్రైవర్ చేతిలోనే ఉండాలి. అలారం మాత్రం పాటల చప్పుడులో, కిటికీలు దించి ఉన్నా వినపడాలి, ఎండలో కూడా లైటు కనపడాలి.

#14 గేజ్‌పిచ్చి

ఘాట్‌రోడ్డు గారితో ఏకీభవిస్తాను. ఇక అలారం ఎంత దగ్గర మోగాలన్నది అసలు ప్రశ్న. ప్రతి 1,000 ఆర్పీఎంకి 10 పీఎస్ఐ, అంటే సుమారు 0.7 బార్ ఉండాలన్నది పాత లెక్క. అన్ని ఇంజన్లకీ అది వేదం కాదు. మీ ఇంజన్ ఎంత చూపిస్తుందో మీరే కొలిచి రాసుకోండి. గంటసేపు తిప్పి బాగా వేడెక్కాక ఐడిల్‌లో, 1,500లో, 2,000లో, 3,000లో ఎంతుందో చూడండి. ఐడిల్ అంకె కంటే కొంచెం కింద మొదటి అలారం. 2,000 ఆర్పీఎం దాటాక మాత్రమే పనిచేసే రెండో అలారం, అక్కడి అంకెలో మూడింట రెండొంతుల దగ్గర. ఆర్పీఎం తెలిసే కంట్రోలర్ లేకపోతే ఒక్క స్విచ్ అయినా సరే, ఎంత ప్రెజర్ దగ్గర మోగాలో మనమే సెట్ చేసుకోగలిగే రకం తీసుకోండి.

ఒక జాగ్రత్త. కొత్త ఇంజన్లలో చాలావాటికి ఆయిల్ పంపు రెండు దశల్లో పనిచేస్తుంది, కంప్యూటరే ప్రెజర్ తగ్గిస్తుంది, పెంచుతుంది. అలాంటివాటిలో మామూలు వేగంలో కూడా 2 బార్ లోపే కనిపించవచ్చు, అది రోగం కాదు. వాటి సెన్సర్ తీగని ఎప్పుడూ కోసి కలపకండి, వేరే సెన్సర్ పెట్టుకోండి.

#15 పాతడీజిల్

రెండు వారాలైంది, అప్‌డేట్ ఇస్తున్నా. ఫిల్టర్ ఇంకా డబ్బాలోనే ఉంది. అలారం పనే చేశాను, అందులోనే రెండుచోట్ల ఇరుక్కున్నా.

మొదటిది మర. స్విచ్ తీసి వెర్నియర్‌తో కొలిస్తే సుమారు 10 మిల్లీమీటర్లు వచ్చింది. ఎం10 అనుకుని అడాప్టర్ తెచ్చాను. చేత్తో తిప్పితే రెండు చుట్లు పోయి ఆగింది. స్పానర్ వేద్దామని చెయ్యి దాకా వచ్చి ఆపేశాను.

#16 గేజ్‌పిచ్చి

ఆపినందుకు మీకు దండం. ఈ మూడు రకాల మరలూ కవలపిల్లల్లా ఉంటాయి. 1/8 బీఎస్‌పీ బయటి వ్యాసం 9.73 మిల్లీమీటర్లు, ఎం10 అంటే 10, 1/8 ఎన్‌పీటీ 10.29. చుట్టుకీ చుట్టుకీ దూరం వరుసగా 0.907, 1.0, 0.941. బీఎస్‌పీలో అంగుళానికి 28 చుట్లు, మర కోణం 55 డిగ్రీలు. ఎన్‌పీటీలో 27 చుట్లు, 60 డిగ్రీలు. వెర్నియర్ ఒక్కటే చాలదు, థ్రెడ్ గేజ్ పళ్లు పెట్టి వెలుతురులో చూడాలి. సరైనదైతే వేళ్లతోనే మూడు నాలుగు చుట్లు తేలిగ్గా పోతుంది. బ్లాకులో మర చెడిందంటే మళ్లీ మర వేయడం పెద్ద పని.

#17 పాతడీజిల్

అవును, గేజ్ పెట్టి చూస్తే 1/8 బీఎస్‌పీ అని తేలింది. సరైన స్టీల్ అడాప్టర్ పెట్టాను.

రెండోది ఇంకా వింత. అడాప్టర్, హోసు, బాడీ మీద మేనిఫోల్డ్, దాని మీద పాత స్విచ్, 10-180 రకం కొత్త సెండర్. మూడు తీగలది నా దగ్గర ఉన్న గేజ్‌కి పనికిరాలేదు. అన్ని జాయింట్లకీ తెల్లటి టెఫ్లాన్ టేపు చుట్టాను. తాళం ఆన్ చేస్తే, ఇంజన్ స్టార్ట్ చేయకముందే, గేజ్ ముల్లు చివరికి పోయి కూర్చుంది. పూర్తి ప్రెజర్! ఎర్ర కూజా లైటు అసలు వెలగలేదు. నాకు బాబాయ్ క్యామ్‌షాఫ్ట్ కథ గుర్తొచ్చి చెమటలు పట్టాయి. తాళం ఆపేసి ఇక్కడికి పరిగెత్తుకొచ్చాను.

#18 గేజ్‌పిచ్చి

ఎర్త్ లేదు. ఒంటి తీగ సెండర్‌కీ స్విచ్‌కీ ఎర్త్ వాటి ఒంటి నుంచే, మర ద్వారా అందాలి. ఇదివరకు బ్లాకు ఎర్త్ ఇచ్చేది. ఇప్పుడు నడుమ రబ్బరు హోసు, పైన టేపు. మేనిఫోల్డ్‌కి పెయింటు మీద బోల్టు బిగించి ఉంటారు కూడా. సర్క్యూట్ తెగి ఉంటే 10-180 సెండర్ గేజ్ పూర్తి ప్రెజర్ చూపిస్తుంది, స్విచ్ లైటు వెలగదు. రెండూ ఒకేసారి అంతా బాగుందని చెప్తాయి. అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు ఇదే.

మేనిఫోల్డ్ నుంచి ఇంజన్ బ్లాకుకి ఒక ఎర్త్ తీగ వేయండి. టేపు తీసేసి ట్యూబులో వచ్చే ద్రవ సీలెంట్ కొద్దిగా, మొదటి చుట్టు వదిలేసి రాయండి. టేపు ముక్క తెగి లోపలికి పోతే మీ 1 మిల్లీమీటరు జెట్‌ని మూసేస్తుంది. ఎర్త్ వేశాక మల్టీమీటర్ పెట్టి మేనిఫోల్డ్ నుంచి బ్యాటరీ నెగటివ్ దాకా చూడండి, సున్నాకి దగ్గరగా ఉండాలి.

#19 షెడ్డుబాబాయ్

దీనికి మందు పాతదే. తాళం తిప్పినప్పుడు ఎర్ర లైటు వెలగాలి, బజర్ మోగాలి. ప్రతిసారీ. వెలగకపోతే సెల్ఫ్ కొట్టకూడదు. కొంతమంది స్టార్టింగ్‌లో బజర్ గోల భరించలేక డిలే పెట్టించుకుంటారు. ఆ డిలే ఇంజన్ స్టార్ట్ అయ్యాకే లెక్క మొదలవ్వాలి, తాళం తిప్పగానే ఒక్కసారి కూయడం మాత్రం ఉండాలి.

#20 పాతడీజిల్

ఎర్త్ వేశాను. తాళం తిప్పగానే లైటు, బజర్, ముల్లు సున్నా మీద. స్టార్ట్ చేస్తే రెండు సెకన్లలో లైటు ఆరింది. ఆ చప్పుడు ఆగినప్పుడు కలిగిన హాయి చెప్పలేను.

గంటన్నర హైవే మీద తిప్పి కొలిచినవి: ఐడిల్‌లో 1.3 బార్, 1,500లో 2.4, 2,000లో 3.1, 3,000లో 4.0. మొదటి అలారం 0.9కి, 2,000 దాటాక మోగే రెండోది 2.0కి పెట్టాను.

#21 షెడ్డుబాబాయ్

2,40,000 తిరిగిన ఇంజన్‌కి ఇవి ముచ్చటైన అంకెలు. ఇప్పుడు ఫిల్టర్ పెట్టండి. సాండ్‌విచ్ ప్లేటు పెట్టేముందు పాత ఫిల్టర్ రబ్బరు సీలు బ్లాకుకే అతుక్కుని ఉందేమో వేలితో చుట్టూ తడిమి చూడండి. దాని మీద కొత్త సీలు పడితే రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి జారి, చల్లటి ఇంజన్ ప్రెజర్‌కి పక్కకి పొడుచుకొస్తాయి. నిమిషంలో ఛాంబర్ ఖాళీ. మధ్య బోల్టు మర కూడా చూసుకోండి, 3/4-16, ఎం20×1.5 రెండూ వాడుకలో ఉన్నాయి.

హోసు హైడ్రాలిక్ రకం తీసుకోండి. టర్బో, సైలెన్సర్ పైపు దగ్గర నుంచి పోనీయకండి, తప్పకపోతే వేడి తగలని తొడుగు వేయండి. వేడి ఎగ్జాస్ట్ మీద ఆయిల్ పడితే మంటే. ఇంజన్ తన మౌంట్ల మీద ఊగుతుంది, హోసుకి కొంచెం వదులు ఉంచండి, క్లిప్పులు వేసి ఎక్కడా లోహానికి రాసుకోకుండా చూడండి.

#22 కొత్తస్పానర్

బైపాస్ పెట్టాక ఆయిల్ మార్చే దూరం రెట్టింపు చేసుకోవచ్చంటారు, నిజమేనా?

#23 మైక్రాన్

ఫిల్టర్ మసిని, రేణువుల్ని తీస్తుంది. ఆయిల్‌లో కలిసిన డీజిల్‌ని తీయదు, ఆమ్లాల్ని తీయదు, అయిపోయిన అడిటివ్‌లని తిరిగి తేలేదు. ల్యాబ్‌లో ఆయిల్ పరీక్ష చేయించి చిక్కదనం, టీబీఎన్ (ఆమ్లాల్ని విరిచే శక్తి ఎంత మిగిలిందో చెప్పే అంకె), ఇనుము, సిలికాన్, డీజిల్ శాతం చూడకుండా దూరం పెంచకూడదు. సిలికాన్ పెరిగితే గాలి ఫిల్టర్ వైపు దుమ్ము దూరుతోందని అర్థం, ఎన్ని ఆయిల్ ఫిల్టర్లు పెట్టినా ఆ లీకు సరిచేయకపోతే లాభం లేదు. డీజిల్ కలిసి పలచబడితే అది మీ ప్రెజర్ గేజ్‌లో కూడా కనపడుతుంది, వేడి ఐడిల్ అంకె నెలనెలా దిగుతూ పోతుంది.

#24 పాతడీజిల్

ఆదివారం ఫిల్టర్ పెట్టేశాను. కొత్త ఫిల్టర్‌నీ హోసుల్నీ ఆయిల్‌తో నింపే బిగించాను. డీజిల్ కట్ చేసి ఎర్ర లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టి, తర్వాతే స్టార్ట్ చేశాను. ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి టార్చి పట్టుకుని ప్రతి జాయింటూ చూశాను, ఒకచోట చెమ్మ కనిపిస్తే ఆపి పావు చుట్టు బిగించాను. ఆపి చూస్తే డిప్‌స్టిక్ మీద పై గీతకి దిగువన ఉంది, ఇంకో అరలీటరు పట్టింది.

బైపాస్‌లో ఆయిల్ పారుతోందో లేదో ఎలా తెలుస్తుందని నాకు ఒక సందేహం ఉండేది. ఇరవై నిమిషాలు తిప్పాక డబ్బా మీద చెయ్యి పెట్టాను, ఉంచలేనంత వేడి. ఆయిల్ పోసే మూత పక్కకి జరిపి చూస్తే నిపుల్ నుంచి దారంలా సన్నటి ధార.

వేడి ఐడిల్ 1.3 నుంచి 1.2కి దిగింది. 2,000లో 3.1 అలాగే ఉంది.

తీసేసిన పాత ఫిల్టర్‌ని కోసి, కాగితం మడతలు విప్పి తెల్లటి గుడ్డ మీద పరిచాను. నల్లటి మసి, రెండు మూడు చోట్ల మెరుపులు. అయస్కాంతం పెడితే ఒక్కటే లేచింది, మిగతావి లేవలేదు. ఇది బేరింగు లోహమా?

#25 షెడ్డుబాబాయ్

అయస్కాంతానికి లేవనివి బేరింగు పొరవి కావచ్చు, అల్యూమినియం కావచ్చు. ఈ వయసు ఇంజన్‌కి రెండు మూడు చుక్కలు మామూలే. మీ ప్రెజర్ అంకెలు బాగున్నాయి కాబట్టి ఇప్పుడేమీ విప్పకండి. ఆ గుడ్డని తేదీ రాసి దాచండి. వచ్చే ఫిల్టర్‌ని కూడా ఇలాగే కోసి పక్కన పెట్టి పోల్చండి. మెరుపులు పెరిగి, వేడి ఐడిల్ 1.0కి దిగితే అప్పుడు ఛాంబర్ దించి ఒక రాడ్ బేరింగు చూద్దాం.

#26 పాతడీజిల్

సరే బాబాయ్. తేదీ, కిలోమీటర్లు, 1.2 బార్ అని మార్కర్‌తో గుడ్డ మూల మీదే రాసి కవర్‌లో పెట్టాను.